ఇది మాత్రం కొట్టకు

"మీ అమ్మని వైరస్ తినేసిందే!"

శనివారం పొద్దున్నే ఫోన్లో మా అత్త అన్న మొదటి మాట అది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పోయినావిడని ఇప్పుడు వైరస్ తినడమేమిటని ఇంకెవరైనా అయితే అడిగేవాళ్లు. నేను అడగలేదు. నాకు వెంటనే అర్థమైంది. స్టవ్ ఆపేసి వంటింటి గడప మీదే కూర్చున్నాను.

"అన్నీనా?" అన్నాను.

"అన్నీనే. ఏ ఫైలు తెరిచినా పిచ్చి గీతలే. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. మీ బావకి ఫొటో తీసి పంపితే ఫైళ్లకి తాళాలేసే వైరస్ అన్నాడు. రేపొచ్చి ఫార్మాట్ కొట్టేస్తాడట."

"కొట్టనివ్వకు. నేనొస్తున్నా."

అత్త కంప్యూటర్లో మా అమ్మ ఎందుకుందో తెలియాలంటే ముందు అత్త సంగతి తెలియాలి. ఆవిడ మా నాన్నకి అక్క. అసలు పేరు ఒకటుంది గానీ దాంతో పిలిస్తే ఆవిడే పలకదు. అందరికీ ఒత్తులత్త. ఎవరేం రాసి తెచ్చినా కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చదివి, "ఇక్కడ ఒత్తేదీ? దారిలో మింగేశావా?" అని నిలదీసేది. పోనీలెండి, చదివేవాళ్లకి అర్థమవుతుందిగా అంటే ఒళ్లు మండేది ఆవిడకి. "ఒత్తు తీసేస్తే నేను అత్తనే కాను, ఒట్టి 'అత'ని. అర్థమైందా?" అనేది. ఆ దెబ్బతో వచ్చినవాళ్లు నోరు మూసుకుని ఒత్తు పెట్టించుకుని వెళ్లేవాళ్లు.

పెళ్లికి ముందు నుంచీ ప్రెస్సులో పని చేసిందావిడ. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలో పేర్చే పని. ఒత్తులకి వేరే అరలుండేవి, వాటి మీద ఆవిడ పట్టు అక్కడ మొదలైందే. తర్వాత యజమాని ఎక్కణ్ణుంచో ఒక కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మగ కంపోజిటర్లందరూ ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనని ఎడంగా నిలబడి సలహాలు చెబుతుంటే, మా అత్త చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్లి దాని ముందు కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడం ఇప్పటికీ లేవలేదు. ప్రెస్సు మూతపడ్డాక ఇంటి ముందుగదిలో సొంతంగా డీటీపీ పెట్టుకుంది.

ఆ గది నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. వీధిలోకి తెరుచుకునే రెండు రెక్కల తలుపు, గోడ నిండా అంటించిన నమూనా శుభలేఖలు, పాత దుప్పటి కత్తిరించి కంప్యూటరుకి కుట్టిన ముసుగు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి మీటలన్నీ నున్నగా బోసిగా ఉండేవి. మార్చమంటే, "నాకు కనపడాల్సిన పని లేదు, వేళ్లకి తెలిస్తే చాలు" అనేది. ప్రింటరు వేడెక్కినప్పుడు ఒక వాసన వచ్చేది. ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ వృత్తిలో టైపు చేయడం అనరు, కొట్టడం అంటారు. "పొద్దున హెడ్మాస్టరుగారిని కొట్టాను, భోజనాలయ్యాక డాక్టరుగారిని కొట్టాలి" అని అత్త మామూలుగా అనేది. కొత్తగా వచ్చినవాళ్లు గుడ్లు తేలేసేవాళ్లు.

గిరాకీలు డిజైను ముందు చూపించమంటారు, అచ్చు వేయాల్సిన మేటర్ మాత్రం ఆఖరి నిమిషం దాకా తేరు. అప్పటిదాకా పేజీలో ఏదో ఒకటి నింపి చూపించాలి. దాన్ని డమ్మీ మేటర్ అంటారు. మిగతావాళ్లు ఒకే వాక్యం పదేపదే వేసి ఊరుకుంటారు. మా అత్తకి అది పడేది కాదు, వేళ్లు మొద్దుబారిపోతాయనేది. అందుకని మా అమ్మని కొట్టేది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకోగానే అమ్మ నన్ను వెంటేసుకుని అత్తింటికి వెళ్లేది. స్టూలు మీద కూర్చుని, చేతిలో ఏ చొక్కా గుండీయో కుట్టుకుంటూ మాట్లాడడం మొదలుపెట్టేది. నాన్న గురకతో మొదలై, ఇంటి ఓనరు పిసినారితనం మీదుగా, మా అమ్మమ్మ తిట్లన్నీ చుట్టి, మళ్లీ నాన్న గురక దగ్గరికి వచ్చేది. ఆవిడ మాట్లాడినంత వేగంగానూ అత్త వేళ్లు పరుగెత్తేవి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్లు. అమ్మకి విషయం తెలుసు. తెలిసీ ప్రతిరోజూ కూర్చోగానే, "ఇది మాత్రం కొట్టకు వదినా" అనే మొదలుపెట్టేది. ఆ మాట పూర్తయ్యేసరికి అది కూడా తెర మీద ఉండేది. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. రోజూ అదే జోకు, రోజూ అదే నవ్వు. బల్ల కింద నుంచి నాకు వాళ్ల పాదాలు కదలడం కనిపించేది.

ఒకసారి కొంప మునిగింది. పళ్ల డాక్టరుగారి కరపత్రంలో ఒక మూల డమ్మీ తీయకుండానే అచ్చుకి వెళ్లిపోయింది. పిప్పిపళ్ల గురించి ఉండాల్సిన చోట, "ఇది మాత్రం కొట్టకు వదినా, మీ తమ్ముడు గురక పెడితే గోడ గడియారం ఆగిపోతోంది" అని చక్కగా, ఒక్క ఒత్తు కూడా పోకుండా అచ్చయి, పేపర్లలో పెట్టి ఇంటింటికీ పంచేశారు. మా నాన్న ఆ కాగితం పట్టుకుని ఇంట్లో గంతులేశాడు. డాక్టరుగారు మాత్రం ఏమీ అనలేదు. ఆ నెలలో గురకకి మందిస్తారా అని అడుగుతూ చాలామంది వచ్చారట.

అమ్మ పోయాక అత్త కూడా అందరిలాగే డమ్మీకి ఒకే వాక్యం పదేపదే కొట్టడం మొదలుపెట్టింది. కానీ పాత ఫైళ్లు తీసేయలేదు. కంప్యూటరు మారినప్పుడల్లా జాగ్రత్తగా కొత్తదాంట్లోకి మార్పించుకుంది. మనసు బాగోలేనప్పుడు నాకు ఫోన్ చేసి ఒకటి చదివేది. మా అమ్మ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఫొటోల్లో నోరు మూసుకుని ఉంటుంది. ఆవిడ నోరు మూసుకుని ఉన్నది ఫొటోల్లోనే. మాట్లాడే అమ్మ కావాలంటే ఆ ఫైళ్లు తప్ప మాకు దిక్కు లేదు. ప్రింటు తీసి పెట్టుకుందామని నేనెన్నిసార్లు పోరినా, "డమ్మీకి కాగితం తగలేస్తామా, ఎక్కడికి పోతుందే" అనేది. ఇదిగో, పోనే పోయింది.

నేను వెళ్లేసరికి అత్త ముందుగదిలో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. తెర మీద ఓ మూల ఎర్రటి పెట్టె ఒకటి లేచి, 'మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది' అని చెబుతోంది. మూస్తే ఇంకో మూల ఇంకొకటి లేస్తోంది. మౌసు కదిపితే బాణం ఎప్పటికో కదులుతోంది.

ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాను. తర్వాత ఫైళ్లన్నీ, పాడైనవి పాడైనట్టే, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అప్పుడు బావకి, అంటే అత్త కొడుక్కి, ఫోన్ చేశాను.

"ఏం మరదలా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నమ్మకం సంగతి తర్వాత. నువ్వేం చేశావో వరసగా చెప్పు."

చెప్పాడు. మా అత్త కంప్యూటర్లో డబ్బిచ్చి కొన్న యాంటీవైరస్ ఒకటి ఉండేది. దాని గడువు అయిపోయింది. ఎర్ర పెట్టెలు చూసి అత్త భయపడుతోందని, నిన్న రాత్రి ఫోన్లోనే చెప్పి ఇంకో యాంటీవైరస్ పెట్టించాడు. అన్నీ బిగించెయ్, ఏది దొరికితే అది తీసెయ్ అన్నాడు. వాళ్లమ్మ పెన్షనంతా బ్యాంకులో ఉంది, ఆ కంప్యూటర్లోంచే చూసుకుంటుంది, ఎవడైనా దూరితే ఏంటని అతని భయం. తల్లి మీద ప్రేమే, కాదనను. కానీ పాతది తీయకుండా కొత్తది ఎక్కించాడు. ఒకే గుమ్మంలో ఇద్దరు కాపలావాళ్లని నిలబెడితే వాళ్లు దొంగని వదిలేసి ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. కంప్యూటరు నత్తలా పాకేది అందుకే.

అంతవరకూ తేలింది. కానీ ఫైళ్ల సంగతి తేలలేదు. ఒక్కోటే తెరిచి చూస్తున్నాను. టోపీలు, చుక్కలు, డాలర్లు. కళ్లలో నీళ్లు తిరిగి అవి కూడా మసకేశాయి. విసుగొచ్చి మూసేయబోతూ ఆగాను. ఇందాకటి ఫైల్లో మొదటి వరస ఎలా ఉందో ఇందులోనూ మొదటి వరస అలాగే ఉంది. ఇంకోటి తెరిచాను. అదే టోపీ, అదే డాలరు, అదే వరస. నాలుగైదు తెరిచాను. అన్నిట్లోనూ అంతే.

"అత్తా, అన్ని ఫైళ్లూ ఒకే మాటతో మొదలవుతాయా?"

"అదేం ప్రశ్నే? 'ఇది మాత్రం కొట్టకు వదినా'!"

వైరస్ తాళం వేస్తే ఫైలే తెరుచుకోదు, తెరుచుకున్నా ఇంత పద్ధతిగా అన్నిట్లోనూ ఒకేలాంటి వరస రాదు. అంటే అమ్మ అక్కడే ఉంది. ఆవిడ మాటలు మనకి అర్థమయ్యేలా చూపించేదే పోయింది.

"నువ్వు తెలుగు దేంతో కొడతావు?"

"ఆ ప్రోగ్రాంతోనే, ప్రెస్సు నాటిది. పొద్దున నొక్కితే రాలేదు. అదీ వైరసే తినేసిందనుకున్నా."

ఆ రోజుల్లో కంప్యూటర్లకి తెలుగు రాదు. అందుకని ఒక చిన్న ప్రోగ్రాం మీటలకీ తెరకీ మధ్య దుబాసీలా కూర్చుని, అత్త ఏ మీట నొక్కినా అది పట్టుకుని, దాని బదులు తెలుగు ముక్క అందించేది. అక్షరాల బొమ్మలు కూడా దాని దగ్గరే ఉండేవి. అది లేకపోతే మిగిలేది టోపీలూ డాలర్లే. కొత్త యాంటీవైరస్ తెరిచి దాని క్వారంటైన్ చూశాను. ఆ మాటకి అర్థం మనకెవరికీ చెప్పక్కర్లేదు. అక్కడ గిరాకీల పెన్‌డ్రైవ్‌ల నుంచి అంటుకున్న నిజం వైరస్‌లే కొన్ని ఉన్నాయి, ఆ విషయంలో బావ భయం ఉత్తిది కాదు. వాటి మధ్య, దొంగల గదిలో కూర్చోబెట్టిన పెద్దమనిషిలా మా తెలుగు ప్రోగ్రాం ఉంది. పక్కన దాని నేరం రాసి ఉంది.

"ఏమని రాశారే?" అంది అత్త.

"నువ్వు నొక్కే మీటలు కొట్టేసే దొంగ అని. పాస్‌వర్డులు కాజేసేవాళ్లు కూడా ఇలాగే మధ్యలో కూర్చుని మీటలు పట్టుకుంటారు. దీన్నీ అదే అనుకుంది."

"ఇన్నేళ్లూ కొట్టడమే గానీ నేను కొట్టేసింది ఒక్కటీ లేదే!" అంది అత్త. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది.

అయినా నాకు అనుమానం పోలేదు. వైరస్ అంటుకున్న ప్రోగ్రాం కూడా పైకి మామూలుగానే ఉంటుంది. అత్త బీరువాలోంచి అసలు డిస్కు తెచ్చింది. చీరల మధ్య పెట్టుకుంది, నగల్లాగా. డిస్కులో దాని సైజూ తేదీ, ఇక్కడి సైజూ తేదీ పోల్చాను. తేడా లేదు. ఇక ధైర్యం చేసి, ముందు గడువైపోయిన యాంటీవైరస్ తీసేశాను. కొత్తది ఉంటే మళ్లీ పట్టుకుంటుంది కనక దాన్నీ తీసేద్దామని బటన్ నొక్కబోతే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఆ కింద చిన్నక్షరాలేంటి? ఆ గళ్లో ముందే టిక్కు ఎవరు పెట్టారు?"

చదివాను. క్వారంటైన్‌లో ఉన్నవన్నీ కూడా శాశ్వతంగా చెరిపేస్తానని ఉంది. ప్రూఫు చదివే కళ్లు కనక చూశాయి, నేనైతే నొక్కేసేదాన్నే. వెనక్కొచ్చి ముందు మా ప్రోగ్రాంని విడిపించి, ఆ తర్వాత యాంటీవైరస్‌ని సాగనంపాను. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాం.

ఇప్పుడు హాయిగా పరుగెత్తింది. ఎర్ర పెట్టెలు లేవు. తెలుగు ప్రోగ్రాం గుర్తు మీద నొక్కాను. ఒక్కసారి మెరిసి మాయమైపోయింది.

"మళ్లీ తినేసిందే!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్లు తాగి, కాసేపు వీధి గుమ్మంలో నిలబడి వచ్చి, అప్పుడు ఆలోచించాను. కంప్యూటరుకి పుట్టుకతో వచ్చిన కాపలా ఒకటి ఉంటుంది. బయటి యాంటీవైరస్ పెడితే అది పక్కకి తప్పుకుని నిద్రపోతుంది. బయటివాళ్లు వెళ్లిపోగానే అది లేచి, లేస్తూనే మా ప్రోగ్రాంని పట్టుకుంది. దాని చరిత్ర పేజీ తెరిస్తే అక్కడా అదే నేరం. అక్కడ 'అనుమతించు' నొక్కాను. మళ్లీ పట్టుకోకుండా మినహాయింపుల్లో ఆ ఒక్క ఫోల్డరు చేర్చాను. మొత్తం కాపలా తీసేయడం సులువే, ఒక్క బటన్. కానీ బావ భయం కూడా నిజమే కదా. ఇల్లంతటికీ కాపలా ఉంచి, మా అమ్మ గది ఒక్కటి వదిలేయమన్నాను.

"ఇప్పుడు నువ్వు తెరువు అత్తా. ఇది నీ వేళ్లకే తెలుసు."

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని నొక్కింది. ప్రోగ్రాం తెరుచుకుంది, ఉండిపోయింది. ఫైలు తెరిచింది. టోపీలన్నీ ఊడిపోయి, వాటి కింద నుంచి తలకట్లూ గుడులూ ఒత్తులూ బయటికొచ్చాయి.

ఇది మాత్రం కొట్టకు వదినా. మా పిల్ల ఇవాళ బడికి వెళ్లనని స్తంభం పట్టుకుని ఏడ్చింది. నాకూ పంపబుద్ధి కాలేదు. పంపాక నేనూ అదే స్తంభం పట్టుకుని కాసేపు ఏడ్చా. నవ్వకు.

నేను ఏడ్చాను. అత్త నవ్వింది, తర్వాత తనూ ఏడ్చింది. సిగ్గేం లేదు, ఇద్దరం బాగా ఏడ్చాం. బావకి ఫోన్ చేసి స్పీకరు పెడితే, అత్త తన కొడుకు మీద అమ్మ చెప్పిన ముక్క ఏరి మరీ చదివింది. పక్కింటి అమ్మాయి కనబడితే జుట్టు తడుపుకుని దువ్వుకుంటున్నాడనీ, వాడి దువ్వెన పళ్లు అరిగిపోయాయనీ. "ఆ ముక్క కొట్టేయండి, మా ఆవిడ పక్కనే ఉంది" అని అరిచాడు. ఫార్మాట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంకోసారి ఏదైనా పెట్టేముందు నాకు చెబుతానన్నాడు.

ఈసారి అత్త వద్దనలేదు. ప్రింటరు వేడెక్కి, ఆ పాత వాసన గదంతా నిండింది. ఒక్కో ఫైలూ తెరుస్తూ, ప్రింటు తీస్తూ, చదువుకుంటూ చివరిదాకా వచ్చాం. జాబితాలో అడుగున ఉన్నదాన్ని మాత్రం అత్త తెరవలేదు. నేనే తెరిచాను.

ఇది మాత్రం కొట్టకు వదినా.

అంతే. ఆ కింద పేజీ అంతా తెల్లగా ఉంది.

"అయ్యో, ఇందులో మిగతాది పోయింది!" అన్నాను కంగారుగా.

"పోలేదు. ఉన్నదే అంత." అత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆస్పత్రిలో రిపోర్టు తీసుకుని ఇంటికి కూడా వెళ్లకుండా ఇక్కడికొచ్చింది. ఎప్పట్లాగే స్టూలు మీద కూర్చుని ఆ మాటే అంది. నేనూ ఎప్పట్లాగే కొట్టాను. ఆ తర్వాతి మాట విని మీటల మీంచి చేతులు తీసేశానే. ఆ ఒక్క రోజు మాత్రం నిజంగానే కొట్టలేదు."

"ఏమంది?"

"కొట్టొద్దంది కదే."

"కొట్టొద్దంది. చెప్పొద్దనలేదుగా."

అత్త లేచి మానిటర్ ఆపేసింది. స్టూలు దగ్గరికి లాగి నన్ను కూర్చోమంది. అమ్మ కూర్చునే స్టూలే అది. అప్పుడు చెప్పింది.

అమ్మకి భయమేసిందట. మా ఇంట్లో అందరూ ఇప్పటికీ ఆవిడ నవ్వుతూ పోయింది, గుండె గట్టిది అంటారు. నాకైతే ఇన్నేళ్లూ లోపల ఒక కోపం ఉండేది, ఇంత మాటకారి మనిషి నాకు ఒక్క ముక్క చెప్పకుండా, ఏమీ కానట్టు వెళ్లిపోయిందేమిటని. అమ్మ చెప్పింది. నా గురించే చెప్పింది. బల్ల కింద నేను లేని రోజు చూసుకుని, అత్త చెవిలో చెప్పి వెళ్లింది.

అదేమిటో రాయడానికి నా వేళ్లు ఇప్పుడు కూడా మీటల మీదే ఉన్నాయి. కానీ అమ్మ వద్దంది. అది మాత్రం నేను కొట్టను.